తీగ మీద రెండు దెబ్బలు

సెప్టెంబర్ 14

కేలిన్ లాంతరుకి దారం చివరికి నేనే కట్టాను. అన్న చాలాసేపు కూర్చున్నాడు దానితో. ముడి వేస్తాడు, జారిపోతుంది. మళ్ళీ వేస్తాడు, మళ్ళీ జారుతుంది. "నాన్నా, నీకు రాదు. బాబాయికివ్వు," అని కేలిన్ లాక్కుంది. ఎంత మోటు తాడైనా కళ్ళు మూసుకుని ముడేసే మనిషి కాగితం లాంతరు దగ్గర ఓడిపోయాడని వదిన ఒకటే నవ్వు. అన్న కూడా నవ్వాడు. "చెట్లెక్కేవాడికి అల్లిక పని చెప్తే ఇంతే మరి," అన్నాడు.

సాయంత్రం ఊళ్ళో పిల్లలంతా లాంతర్లు పట్టుకుని బడి నుంచి చర్చి దాకా నడిచారు. వాన. సగం లాంతర్లు దారిలోనే తడిసి చిరిగిపోయాయి. కేలిన్‌ది మాత్రం చివరిదాకా వెలిగింది. రేపు స్వాతంత్య్ర దినం. అప్పట్లో ఆ కబురు ఇలాగే లాంతర్లతో ఊరూరా మోసుకొచ్చారట. ఎవరికి వచ్చింది స్వాతంత్య్రం? చిరిగిన తోలు గ్లౌజుతో పొద్దంతా చెట్టు మీది ఏడో మంచె మీద నిలబడి, తీగకి వేలాడుతూ వచ్చే టూరిస్టులని ఆపే మా అన్నకి వచ్చిందా? ఈ మాట గట్టిగానే అన్నాను. మాతో మంచెల మీద పనిచేసే మైకోల్ పక్కనే నడుస్తూ నా డొక్కలో పొడిచాడు. "ఒరేయ్ హైనర్, పిల్లల ఊరేగింపులో కూడా మీటింగేనా? నీ ఊపిరికి కొవ్వొత్తులు ఆరిపోతున్నాయి, నోరు ముయ్యి."

భోజనాల దగ్గర వదిన మొక్కజొన్న టోర్టీయా రొట్టెలు కాలుస్తుంటే అన్న కబుర్లు చెబుతూనే పెనం మీదివి వట్టి చేత్తో తీసి పళ్ళెంలో వేశాడు. చెయ్యి ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదు. నేను తినడం మానేసి చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్ళు తీగ మీద వచ్చే మనుషుల్ని ఆపిన చెయ్యి అది. నేను రాస్తున్న కరపత్రానికి మొదటి వాక్యం దొరికింది: "కష్టం చేసిన చేతికి నిప్పు కూడా లొంగుతుంది."

నవంబర్‌లో కేలిన్‌కి అయిదు నిండుతాయి. అయిదు నిండితే తీగ మీద ఎగరనిస్తారు. తను ఆరో మంచె నుంచి ఎగిరొస్తే ఏడో మంచె మీద నాన్నే పట్టుకోవాలని ఒప్పందం. తండ్రీ కూతురూ చేతులు కలిపి మరీ ఒప్పుకున్నారు.

సెప్టెంబర్ 19

దోన్ ఎవెలియో ఈ రోజు కొత్త హుకుం జారీ చేశాడు. ఇక మీదట మంచెకీ మంచెకీ మధ్య మాటలన్నీ రేడియోలోనే. తీగ కొట్టడం పాత అలవాటట, టూరిస్టులకి అనాగరికంగా కనిపిస్తుందట.

ఈయన ఎప్పుడైనా అక్టోబర్ మబ్బులో ఆరో మంచె మీద నిలబడ్డాడా? యజమాని కదా, ఎందుకు నిలబడతాడు? అక్కడ ఎదురుగా ఉన్న చెట్టే కనపడదు. లోయ మొత్తం పాలు పోసినట్టు ఉంటుంది. రేడియో గరగరమంటుంది, రెండు రోజులకి తడిసి చస్తుంది. గాలికి కేక వినపడదు. ఉన్నది తీగ ఒక్కటే. కొక్కెంతో తీగ మీద ఒక దెబ్బ కొడితే పిల్లలు, తేలిక. రెండు కొడితే మామూలు మనిషి. మూడు కొడితే బరువు, లేదా ఇద్దరిని కలిపి పంపుతున్నాం, బ్రేకు దిమ్మని ముందుకు జరిపి ఉంచుకో అని. అవతలివాడు అరచెయ్యి తీగ మీద పెట్టుకుని ఉంటాడు. అదురు చేతికి తెలుస్తుంది. వాడు రెండు కొడితే పంపమని. మనిషి చేరాక ఒకటి కొడతాడు. ఇవతల నుంచి మళ్ళీ రెండు, సరే అని. ఇది మా వాళ్ళు కనిపెట్టుకున్న భాష. మొదటి తీగ కట్టిన వాళ్ళలో అన్న ఒకడు. నన్ను ఎనిమిదేళ్ళప్పుడు ఒక్క దెబ్బ కొట్టి ఈ లోయ దాటించిందీ అన్నే.

గ్లౌజులు మార్చమని మార్చి నుంచి అడుగుతున్నాం. దానికి మాత్రం హుకుం రాదు.

సెప్టెంబర్ 23

పుంతారేనస్ నుంచి యూనియన్ మనిషి వచ్చి కరపత్రాలు ఇచ్చి వెళ్ళాడు. నాలుగూ చదివేశాను. ఒకటి రెండుసార్లు. "కార్మికుడి శరీరం కార్మికుడిదే, దాన్ని అరగదీసే హక్కు ఎవడికీ లేదు." ఈ వాక్యం దగ్గర లేచి నిలబడ్డాను, ఒంటరిగా, గదిలో.

అన్నకి చదివి వినిపించాను. కప్పీలకి గ్రీజు రాస్తూ విన్నాడు.

"బాగుంది. నా శరీరం నాదేనా?"

"నీదే."

"అయితే కాసేపు పడుకోబెడతాను దాన్ని. నువ్వు ఈ గ్రీజు పట్టు."

"నీకన్నీ వేళాకోళమే అన్నా."

"కాదురా చిన్నోడా. నీ పుస్తకాల్లో చెట్లెక్కేవాళ్ళ గురించి ఒక్కటీ లేదేం? పైన ఉన్నప్పుడు ఎంత బాగుంటుందో ఎవడూ రాయడేం?"

దీనికి జవాబు ఆలోచించాలి. పైన బాగుండడం అనేది దోపిడీని కప్పే దుప్పటి. ఇలా ఏదో చెప్పాలి.

సెప్టెంబర్ 28

ఒక విషయం.

పొద్దున ఆరో మంచె నాది, ఏడో మంచె మా అన్నది. మబ్బు దట్టంగా ఉంది, కొమ్మల మీది నాచు నుంచి నీళ్ళు మెళ్ళోకి కారుతున్నాయి. కెనడా అమ్మాయి ఒకతె భయంతో బిగుసుకుపోయింది. తొడ పట్టీ వదులైతే విప్పి మళ్ళీ బిగిస్తున్నాను. ఒక చెయ్యి తీగ మీదే ఉంది, అలవాటు కదా. నేను ఇంకా ఏమీ కొట్టలేదు.

రెండు దెబ్బలు వచ్చాయి. పంపమని.

నేను అడగలేదు. జవాబు వచ్చింది.

సెప్టెంబర్ 29

గాలి అయి ఉంటుంది. కోతి తీగ పట్టుకుని ఊగినా అలాగే అదురుతుంది.

అక్టోబర్ 2

కోతి కాదు.

ఇవాళ కావాలనే కొట్టలేదు. మనిషిని నిలబెట్టాను, పట్టీలు చూశాను, ఎప్పుడూ కొట్టే వేళకి కొక్కెం చేతిలోకి తీసుకుని ఊరుకున్నాను. తీగ మీద అరచెయ్యి పెట్టి ఊపిరి బిగబట్టాను. కాసేపటికి రెండు దెబ్బలు. నిదానంగా, చక్కగా, అన్న దెబ్బలే.

రెండోసారీ అంతే. మూడోసారి మూడు కొట్టి పంపాను, ఇటలీ నుంచి వచ్చిన లావుపాటి ఆయనని. ఆయన్ని ముందే బతిమాలాను, చివర్లో మీరే గట్టిగా ఆపుకోండి సార్ అని. ఆపుకున్నాడు.

లాంతరు ముడి. పెనం మీది టోర్టీయాలు.

కరపత్రం మొదటి వాక్యం కొట్టేశాను.

అక్టోబర్ 3

షెడ్డు వెనక పట్టుకున్నాను. హెల్మెట్లు కడుగుతున్నాడు.

"అన్నా, చెయ్యి ఇలా ఇవ్వు."

"ఎందుకు, జాతకం చెప్తావా?"

"ఇవ్వు."

చేతిలో చెయ్యి పెట్టాడు. కళ్ళు మూసుకోమన్నాను. కొక్కెం మొనతో అరచేతిలో గట్టిగా గీశాను. తెల్లటి గీత పడింది.

"మొదలుపెట్టు," అన్నాడు కళ్ళు మూసుకునే.

కొక్కెం పక్కన పెట్టాను. కళ్ళు తెరిచి ఆ గీత చూశాడు, నన్ను చూశాడు. బకెట్టులో చెయ్యి ముంచి గీతని కడిగేస్తున్నట్టు రుద్దుకున్నాడు.

వానలు మొదలైనప్పటి నుంచీ ఇంతేనట. మొదట తిమ్మిరి, తర్వాత వేళ్ళ చివర్లు, ఇప్పుడు అరచెయ్యి మొత్తం. ఎడమది కూడా మొదలైంది. పట్టు ఉంది, బ్రేకు తాడు లాగగలడు. అదురు మాత్రం తెలియదు. అందుకని లెక్క. ఒక మనిషిని పంపాక ఇంకో మనిషిని సిద్ధం చేయడానికి ఎంతసేపు పడుతుందో ఊపిరితో లెక్కపెట్టుకుంటాడు. ఆ లెక్క అవగానే రెండు కొడతాడు. అవతల మేం ఆపాటికి అడిగే ఉంటాం. అందరం. రోజూ.

"మరి మూడు కొడితే ఎలా తెలుస్తుంది నీకు?"

"కప్పీ చప్పుడు వేరుగా ఉంటుంది బరువు వస్తే. మబ్బులోంచి వినపడుతుంది."

"ఎంత ముందు వినపడుతుంది?"

"చాలినంత."

"అన్నా, చాలినంత అంటే?"

కడుగుతున్న హెల్మెట్ పక్కన పెట్టాడు. అంతకుముందు ఎప్పుడూ నాతో వాడని గొంతుతో అన్నాడు. "క్రిస్మస్ దాకా ఊరుకోరా. ఈ వానలు పోతే తగ్గుతుందేమో. కింద కౌంటర్లో హెల్మెట్లు పంచుతూ కూర్చోలేను. ఒక్కసారి కేలిన్‌ని ఎగరనివ్వు, నా చేతుల్లోకి. ఆ తర్వాత నేనే చెప్తాను దోన్ ఎవెలియోకి."

సరే అన్నాను.

అక్టోబర్ 5

పనివేళల పట్టీలో ఆరో మంచె నాకే రాయించుకున్నాను, వారమంతా. బరువైన వాళ్ళు వస్తే వాళ్ళతోనే ముందుగా ఆపుకోమని చెబుతాను. ఇద్దరిని కలిపి పంపాల్సి వస్తే పట్టీ సరిగా లేదని అబద్ధమాడి విడివిడిగా పంపుతాను. ఇది మోసం కాదు. తోటి కార్మికుణ్ణి కాపాడుకోవడం. ఐకమత్యం అంటే ఇదే కదా, కరపత్రాల్లో ఉన్నది?

అన్న చేతికి కారణం కంపెనీ. నేను కాపాడుతున్నది కంపెనీ నుంచే.

అక్టోబర్ 11

అంతా సవ్యంగానే ఉంది. వదిన ఇవాళ బెల్లం నీళ్ళు కాచి ఇస్తూ అంది: "ఏమిటి హైనర్, ఈ మధ్య మీ అన్నని కళ్ళతోనే కాపలా కాస్తున్నావు? ఆయనేమైనా పారిపోతాడా?"

నవ్వాను. ఆవిడకి తెలియదు.

అక్టోబర్ 16

పుంతారేనస్ నుంచి ఇప్పుడే వచ్చాను. యూనియన్ సభ. పనిలో భద్రత మీద. నేనూ మాట్లాడాను, చప్పట్లు కొట్టారు. బస్సులో కొండెక్కుతూ ఆ చప్పట్లే నెమరేసుకుంటూ వచ్చాను.

బస్టాండులో చెప్పారు.

నా బదులు ఆరో మంచె మైకోల్‌ది. తల్లినీ కొడుకునీ కలిపి పంపాడు. బ్రేకు దిమ్మ వెనకే ఉంది. ఏడో మంచె చెట్టుకి కట్టిన పరుపుకి గుద్దుకున్నారు. ఆవిడ భుజం ఎముక విరిగింది. పిల్లవాడికి పెదవి చిట్లింది. అన్న మధ్యలో అడ్డం పడ్డాడట, లేకపోతే పిల్లవాడి తల తగిలేదట. అన్న పక్కటెముకలు నీలంగా ఉన్నాయి.

మైకోల్ రెండే కొట్టాడని దోన్ ఎవెలియో నిర్ధారించేశాడు.

అక్టోబర్ 17

మైకోల్ ఇంటి ముందు రాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"మూడు కొట్టానురా. మా అమ్మ మీద ఒట్టు. మూడు. చెయ్యి నొప్పెట్టేలా కొట్టాను, ఆ పిల్లవాడు వణుకుతున్నాడు కదా అని. రెండు వచ్చాయి. పంపాను. ఇంకేం చేయాలి నేను?"

"ఏమీ లేదు."

"సోమవారం విచారణట. పని పోయినట్టే. ఇక ఈ కొండ మీద ఏ తీగ మీదికీ నన్ను ఎక్కనివ్వరు. పిల్లాడి మూతి పగలగొట్టినవాడని పేరు." నవ్వడానికి ప్రయత్నించాడు. "నీ కరపత్రాల్లో నా గురించి ఏమైనా ఉందా? వెతికి చెప్పు."

వచ్చేశాను. వాడు నిజం చెబుతున్నాడని నాకు తెలుసు. ఈ ఊళ్ళో ఇద్దరికే తెలుసు.

అక్టోబర్ 18

అన్నతో గొడవ. వదిన కోళ్ళ దగ్గర ఉంది, వినలేదు.

"మైకోల్ పని పోతుంది అన్నా."

"పోదు."

"ఎలా పోదు? నువ్వు నోరు విప్పితేనే కదా!"

"విప్పుతాను. సోమవారం అందరూ ఉంటారు. అందరి ముందూ చెప్తాను. నా నోటితో నేనే చెప్తాను. నువ్వు మధ్యలోకి రాకు."

"నిజంగానా?"

"ఇన్నేళ్ళు అక్కడ నిలబడ్డానురా. దిగేటప్పుడు నా కాళ్ళ మీద నేను దిగుతాను. అంతవరకు ఓపిక పట్టు."

పడతానన్నాను. కానీ రెండు వారాల క్రితం కూడా "నేనే చెప్తాను" అన్నాడు. క్రిస్మస్ అన్నాడు. అలవాటు పడిన మనిషి అంత తేలికగా దిగుతాడా? ఆలోచిస్తున్నాను, అంతే.

డిమాండ్లు రాసుకున్నాను. నాలుగు. అన్న చెప్పగానే నేను లేచి ఇవి చదవాలి. అతని చెయ్యి సాక్ష్యం. ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏ కరపత్రంలోనూ లేదు.

అక్టోబర్ 20

జరిగింది జరిగినట్టు రాస్తాను.

హెల్మెట్ల గదిలో మీటింగు. బయట వాన, రేకుల మీద మోత. పొయ్యి మీద కాఫీ. అందరి చేతుల్లో స్టీలు కప్పులు, అప్పుడే వడకట్టింది కాబట్టి చొక్కా చేతులు లాక్కుని పట్టుకుని ఊదుకుంటున్నారు. మైకోల్ గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. దోన్ ఎవెలియో కుర్చీ వెనక్కి తిప్పి కూర్చున్నాడు.

"అబ్బాయిలూ, ఎవరినీ అవమానించడానికి కాదు. ఆవిడ భర్త లాయరు. నాకు ఒక జవాబు కావాలి. ఎలియేసర్, నువ్వు చెప్పు. ఎన్ని దెబ్బలు తెలిశాయి నీకు?"

అన్న లేచి నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గోడ మీద వేలాడే పాత తీగ ముక్క వైపు చూశాడు, మొదటి తీగ ముక్క, గుర్తుగా ఉంచుకున్నది. చాలాసేపు చూశాడు. "దోన్ ఎవెలియో," అన్నాడు. ఆగాడు. పెదవులు తడుపుకున్నాడు.

చెప్పడని నాకనిపించింది. ఆ క్షణంలో తల్లీకొడుకులు గుర్తొచ్చారు, మైకోల్ రాళ్ళ మీద కూర్చోవడం గుర్తొచ్చింది, ఎవరెవరి మీదో కోపం అంతా ఒక్కసారి తలకెక్కింది. పొయ్యి దగ్గరికి వెళ్ళాను. మరుగుతున్న కాఫీ కప్పు నిండా పోశాను. గుడ్డతో పట్టుకుని తెచ్చాను.

"అన్నా, కాఫీ తాగి చెప్పు."

"థాంక్స్‌రా చిన్నోడా," అన్నాడు. నా వైపు చూసి నవ్వాడు కూడా. నేను ధైర్యం చెప్పడానికి తెచ్చాననుకున్నాడు. అరచెయ్యి చుట్టూ వేసి కప్పు తీసుకున్నాడు. కింద గుడ్డ లేదు, చొక్కా చెయ్యి లేదు.

పట్టుకునే ఉన్నాడు.

అందరూ చూశారు. ఎవరో "అయ్యో" అన్నారు. నేను గుడ్డ పైకెత్తి అరిచాను: "చూడండి! ఇదీ ఈ కంపెనీ చేసిన చెయ్యి! దీనికి మూడు దెబ్బలు ఎలా తెలుస్తాయి? మైకోల్ ఎన్ని కొడితే ఏం?"

అన్న నన్ను చూశాడు. తర్వాత అందరి చూపులూ ఎటున్నాయో అటు చూశాడు, కప్పు వైపు. కింద పడేయలేదు. ఒలకకుండా జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో వస్తువు తన దగ్గర మర్చిపోయినట్టు. ఎర్రగా పొంగుతోంది. ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"అవును. నాకు తెలియలేదు. మైకోల్ తప్పు లేదు," అన్నాడు. టోపీ పెట్టుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

డిమాండ్లు చదివాను. నాలుగూ చదివాను. నాలుగోదానికి వచ్చేసరికి గదిలో సగం మంది లేరు.

అక్టోబర్ 21

నేను చేసింది సరైనదే. మైకోల్‌ని మళ్ళీ పనిలోకి రమ్మన్నారు.

వదిన నా సంచి వరండాలో పెట్టింది. తలుపు వేసి ఉంది. లోపల కేలిన్ "బాబాయి వచ్చాడు" అంటోంది, వదిన "లేదు" అంటోంది.

అక్టోబర్ 22

మైకోల్ వాళ్ళ వెనక గదిలో ఉంటున్నాను. వాళ్ళమ్మ అన్నం, బీన్సు పెడుతుంది, మాట్లాడదు.

ఆస్పత్రిలో అన్న మణికట్టు చూసి నరాలన్నారట. ఆపరేషన్ చేస్తే ఇంకా పోకుండా ఆగుతుంది, పోయింది రాదు. మంచెల మీద ఇక వద్దన్నారు. కింద కౌంటర్లో పని ఇస్తామని దోన్ ఎవెలియో అన్నాడట. వద్దన్నాడట అన్న. ఇదంతా ఎవరెవరో చెబితే తెలిసింది.

నేను చేసింది సరైనదే. నిజం ఎవరు చెప్పినా నిజమే.

అక్టోబర్ 24

ఇవాళ మైకోల్ తనంతట తనే మాట్లాడాడు. ఇద్దరం ఆరో మంచె మెట్లకి పట్టిన పాచి గీకుతున్నాం.

"నీకో సంగతి చెప్పనా? శనివారం సాయంత్రం మీ అన్న మా ఇంటికొచ్చాడు. మా అమ్మ ముందు టోపీ తీసి నిలబడ్డాడు. 'మీవాడి తప్పు లేదమ్మా, నాది, సోమవారం అందరి ముందూ చెప్తాను' అన్నాడు. మా అమ్మ ఏడ్చింది. ఆయన కూర్చోలేదు కూడా."

నేను గీకుతూనే ఉన్నాను.

"అందుకే నేను ఆ మీటింగులో నోరెత్తలేదురా. ఆయన చెప్తాడని నాకు తెలుసు. మొదలుపెట్టాడు కదా, 'దోన్ ఎవెలియో' అని. నువ్వు వినలేదా?"

"విన్నాను."

"మరి ఒక్క నిమిషం ఆగలేకపోయావా?"

అక్టోబర్ 25

వాన.

అక్టోబర్ 26

ఒక్క నిమిషం.

అక్టోబర్ 30

యూనియన్ మనిషి వచ్చాడు. జరిగిందంతా విని, "అద్భుతం, ఇది రాసివ్వు, వచ్చే కరపత్రంలో వేద్దాం. ఆ కాఫీ కప్పు ఘట్టం ఉంది చూశావా, కదిలించేస్తుంది," అన్నాడు. నా చెయ్యి లేచింది. కొట్టలేదు. బయటికి నెట్టాను, అంతే. గొడుగు మర్చిపోయి వెళ్ళాడు.

నవంబర్ 2

చనిపోయిన వాళ్ళ రోజు. పొద్దున్నే వెళితే అన్న వాళ్ళు ఎదురు పడతారని మధ్యాహ్నం వెళ్ళాను. అమ్మ సమాధి కడిగి ఉంది. కొత్తగా సున్నం వేశారు. కొంచెం వంకరగా, చేతికి కుంచె తెలియని మనిషి వేసినట్టు. పూలన్నీ ఒక పక్కకి పెట్టారు. రెండో పక్క ఖాళీ.

ప్రతి ఏడాదీ ఆ పక్క నేను పెడతాను.

అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. అన్న అప్పటికి పెళ్ళి కూడా చేసుకోలేదు. నాకు తల దువ్వడం రాక, నీళ్ళు పోసి చేత్తోనే అణిచేవాడు. ఆ చేత్తోనే.

పూలు పెట్టి వచ్చేశాను.

నవంబర్ 7

కొత్త గ్లౌజులు వచ్చాయి. మంచి తోలు. అందరికీ రెండు జతలు. దోన్ ఎవెలియో స్వయంగా పంచాడు. "మీవాడు గట్టిగా అడిగాడు కదా," అన్నాడు నన్ను చూపిస్తూ. ఒకరిద్దరు నా భుజం తట్టారు.

ఏడో మంచె ఇక నాది. చెట్టుకి కట్టిన పరుపు మార్చారు. బ్రేకు తాడు మీద అన్న చెయ్యి పట్టుకునే చోట నల్లగా నునుపు తేలి ఉంది. అక్కడే పట్టుకుంటున్నాను. ఇంకెక్కడ పట్టుకున్నా కుదరడం లేదు.

నవంబర్ 12

వాళ్ళు వెళ్ళిపోతున్నారు. సారపీకీకి, వదిన పుట్టింటి వైపు. కింద, వేడి నేల. పైనాపిల్ తోటలో కాపలా పని దొరికిందట. అక్కడ మబ్బు ఆకాశంలోనే ఉంటుంది, చెట్లమీదికి దిగదు. ఆదివారం పొద్దున బస్సు.

మైకోల్ అడిగాడు: "వెళ్ళి కలుస్తావా?"

"ఏమని?"

"ఏమనో నాకేం తెలుసు. నువ్వు కదా మాటకారివి."

నవంబర్ 14

వాళ్ళ వీధి చివరిదాకా వెళ్ళాను. మంచం, పెనం, కోళ్ళ గంప వరండాలో ఉన్నాయి. అన్న దుప్పట్ల మూట కడుతున్నాడు. ముడి వేశాడు. జారింది. మళ్ళీ వేశాడు. వదిన వచ్చి పక్కన కూర్చుని, తను ఒక కొస పట్టుకుంది.

తిరిగి వచ్చేశాను.

నవంబర్ 15

పొద్దున మబ్బు ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. మంచె అంచు కూడా సరిగా కనపడలేదు. ఎక్కడో గంటపిట్ట ఒకటి ఠంగుమంటోంది, ఏ దిక్కో తెలియదు. శనివారం, టూరిస్టులు పదింటికి కానీ రారు. తీగ తుడిచి, అలవాటుగా అరచెయ్యి దాని మీద పెట్టి నిలబడ్డాను. అవతల మైకోల్ ఉన్నాడని తెలుసు.

ఒక దెబ్బ వచ్చింది.

మైకోల్ గబుక్కున కొడతాడు, కోపంగా ఉన్నట్టు. ఇది అలా లేదు. కొక్కెం బరువంతా తీగ మీద వాలనిచ్చి, తీసుకోవడానికి కొంచెం ఆలస్యం చేసిన దెబ్బ. ఈ దెబ్బ తర్వాతే నేను ఎనిమిదేళ్ళప్పుడు ఈ మంచె మీదికి వచ్చిపడ్డాను.

ఒకటి అంటే పిల్లలు.

ఇవాళ కేలిన్ పుట్టినరోజు. నాకు గుర్తుంది. గుర్తుండి కూడా ఏం చేస్తానని రాయలేదు, అంతే.

రెండు కొట్టాను, పంపమని. బ్రేకు దిమ్మ చూసుకున్నాను. మళ్ళీ చూసుకున్నాను. కొత్త గ్లౌజు తీసి పారేసి నల్లబడిన చోట వట్టి చేత్తో తాడు పట్టుకున్నాను. ముందు కప్పీ చప్పుడు, సన్నగా. తర్వాత నవ్వో ఏడుపో తెలియని కేక. తర్వాత మబ్బులోంచి గులాబీ రంగు రెయిన్‌కోటు. తాడు లాగాను. మెల్లిగా, పాలగిన్నె దించినట్టు వచ్చి నా ఛాతీ మీద ఆగింది. హెల్మెట్ నా గడ్డానికి తగిలింది.

"బాబాయ్! కళ్ళు మూసుకోవద్దన్నాడు నాన్న. కొంచెం మూసుకున్నాను. చెప్పకు."

"చెప్పను."

"నేను ఎగిరాను కదా?"

"ఎగిరావు."

"నాన్న పట్టుకుంటానన్నాడు కానీ చేతులు బాలేవట. బాబాయి చేతులు బావున్నాయి, బాబాయి పట్టుకుంటాడు అన్నాడు." పట్టీలు విప్పుతుంటే కాళ్ళు ఊపుతూ చెబుతోంది. "అమ్మ వద్దంది. చాలాసేపు వద్దంది. తర్వాత కోటు వేసింది."

"నాన్న వస్తున్నాడా, తీగ మీద?"

"ఊహూ. కింద దారిలో నడిచొస్తాడట. నన్ను తీసుకెళ్ళడానికి. మెట్ల దగ్గర నిలబడతాడట, పైకి రాడట."

ఇప్పుడు నేను ఒక దెబ్బ కొట్టాలి, చేరిందని. అప్పుడు అవతల నుంచి రెండు రావాలి, సరే అని. కొక్కెం చేతిలోకి తీసుకున్నాను. కొట్టినా అన్నకి తెలియదు. మైకోల్ చెయ్యి తీగ మీద ఉంటుంది, వాడు చెబితేనే తెలుస్తుంది. అయినా కొట్టాలి. ఈ నెలంతా మనసులో రాసుకున్నవీ కొట్టేసినవీ అన్నీ ఆ ఒక్క ఇనపముక్క మీదికి వచ్చి కూర్చున్నాయి. చెయ్యి లేవలేదు.

కేలిన్ మునివేళ్ళ మీద నిలబడి నా చేతి పక్కన తన చెయ్యి తీగ మీద పెట్టింది. అరచెయ్యి పూర్తిగా ఆనించి, నాన్న నేర్పినట్టు.

"బాబాయ్, నువ్వు కొట్టావా?"

"లేదమ్మా. ఇంకా లేదు."

"ఉండు," అంది. తల పక్కకి వంచింది. "రెండు."